పాత మంగలి కత్తులు: సేకరించేవాళ్ళకు ఏది విలువ, గడ్డం గీసుకునేవాళ్ళకు ఏది విలువ? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత క్షురకత్తుల గురించి నన్ను అడిగేవాళ్ళ సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తాతగారి పెట్టెలో దొరికిందనో, ఆదివారం సంతలో కొన్నామనో ఫోటో పంపి "ఎంత చేస్తుంది?" అంటారు. ప్రతిసారీ నేను తిరిగి ఒకటే అడుగుతాను. దాచుకోవడానికా, గడ్డం గీసుకోవడానికా? ఎందుకంటే ఈ కత్తికి రెండు ధరలుంటాయి. ఒక ధర కోసం చేసే పని రెండో ధరను తినేస్తుంది. ఆ సంగతి తెలియక మంచి మంచి కత్తులు పాడైపోతుంటే చూడలేక ఇవన్నీ ఒకచోట రాశాను. దశల వారీగా ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొట్టమొదటి సందేహాలు

మా తాతగారి గడ్డం కత్తి దొరికింది. దానికి విలువ ఉంటుందా?

చాలావరకు డబ్బు రూపంలో పెద్దగా ఉండదు. రోజూ వాడి అరిగిన కత్తి, పెట్టె లేనిది, పిడి పగిలింది అయితే సేకరించేవాళ్ళు తీసుకోరు. కానీ అదే కత్తి గడ్డానికి అద్భుతంగా పనిచేయవచ్చు. ముందుగా ఒక్క పని చేయండి: దాన్ని ఏమీ చేయకండి. ఇసుక కాగితంతో రుద్దకండి, నిమ్మకాయ, చింతపండు పూయకండి. పొడిబట్టతో తుడిచి, పలచగా నూనె రాసి, వెలుతురులో రెండువైపులా ఫోటోలు తీయండి. కత్తి మెడ మీద, అంటే పిడిలోకి వెళ్ళే ముందు ముద్ర కొట్టే భాగంలో, ఏముందో అక్షరం అక్షరం రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ తర్వాత తీసుకోవచ్చు.

ఒకే కత్తిని సేకరించేవాళ్ళు ఒకలా, వాడేవాళ్ళు ఒకలా ఎందుకు చూస్తారు?

సేకరించేవాళ్ళు డబ్బు పెట్టేది చర్మానికి ఎప్పుడూ తగలని భాగాలకు. మెడ మీది ముద్ర, కత్తి పక్కన యాసిడ్‌తో చెక్కిన బొమ్మ, దాని మీది బంగారు పూత, అసలు పిడి, ఆ పిడికున్న అసలు మేకులు, కత్తి అమ్మిన అట్టపెట్టె, వీటికే విలువ. గీసుకునేవాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. పదునుకు పక్కనున్న చివరి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఉక్కు గట్టిగా ఉందా, వెన్ను రెండువైపులా సమంగా ఉందా, కత్తి వంకర లేకుండా నూరే రాయి మీద ఒదిగి కూర్చుంటుందా? వాళ్ళకు కావలసింది అంతే.

అందుకే ఒకరు వద్దన్న కత్తి ఇంకొకరికి వరమవుతుంది. పేరు చెరిగిపోయి, పిడి మారిపోయి, పదును మాత్రం నిక్షేపంగా ఉన్న, జర్మనీలోని సోలింగెన్ ఊళ్ళో చేసిన కత్తి వాడుకునేవాడికి బంగారం లాంటిది. బొమ్మ చెక్కుచెదరకుండా, పదును దగ్గర మాత్రం తుప్పు గుంటలు పడిన, ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ కత్తి గడ్డానికి పనికిరాదు. కానీ దానికోసం సేకర్తలు వేలం పాడతారు.

పాతది అంటే ఖరీదైనదేగా?

కాదు. ఈ కత్తులు లక్షల్లో తయారయ్యాయి. తర్వాత బ్లేడు మార్చుకునే రేజర్లు వచ్చాయి. జిల్లెట్ కంపెనీ వాటి అమ్మకం మొదలుపెట్టిన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి ఏడు 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఆ కంపెనీ 35 లక్షల రేజర్లు సరఫరా చేసింది. ఆ సైనికులు బ్లేడు అలవాటుతో ఇళ్ళకు తిరిగొచ్చారు. అప్పటిదాకా ప్రతి ఇంట్లో ఉన్న మడత కత్తులు సొరుగుల్లోకి, అటకల మీదికి చేరాయి. పారేసినవి తక్కువ. అందుకే నూరేళ్ళ నాటి మామూలు కత్తి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. వయసు ఒక్కటే ధర తీసుకురాదు. అరుదుగా దొరకాలి, స్థితి బాగుండాలి, ఎవరు చేశారో తెలియాలి. ఈ మూడూ కలిస్తేనే ధర.

కొత్త కత్తి కొనకుండా పాతదానికోసం ఎందుకు తిరగాలి?

మంచి కొత్త కత్తులు చేసే సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. సోలింగెన్‌లో డోవో, ఫ్రాన్స్‌లోని థియేర్‌లో థియేర్ ఇస్సార్ లాంటివి. అయితే వాటి ధర ఎక్కువ. అదే డబ్బుతో, మంచి స్థితిలో ఉన్న రెండు మూడు పాత కత్తులు వస్తాయి. ఇక మన ఆన్‌లైన్ దుకాణాల్లో కొన్ని వందలకు దొరికే కొత్త మడత కత్తుల్లో చాలావాటికి ఉక్కే మెత్తన. ఎంత నూరినా పదును నిలవదు. వాటికన్నా పేరు తెలియని పాత సోలింగెన్ కత్తి నూరు రెట్లు నయం.

## ఊరు, పేరు, ముద్ర

షెఫీల్డ్, సోలింగెన్ అంటుంటారు. రెండింటికీ తేడా ఏమిటి?

ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ ముందు పేరు తెచ్చుకుంది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉక్కును మట్టి మూసల్లో కరిగించి పోత పోసే పద్ధతి అక్కడ కనిపెట్టాడు. దాంతో ఉక్కు అంతటా ఒకే తీరుగా వచ్చింది. పాత షెఫీల్డ్ కత్తుల మీద ‘కాస్ట్ స్టీల్’ అని కనిపించేది అందుకే. అవి సాధారణంగా వెడల్పుగా, దళసరిగా, చేతికి బరువుగా ఉంటాయి. గట్టి గడ్డం మీద వాటి బరువే పని చేసిపెడుతుంది.

జర్మనీలోని సోలింగెన్ 19వ శతాబ్దం రెండో సగంలో కత్తి పక్కలను లోపలికి గుల్లగా అరగదీసే విద్యలో ఆరితేరింది. అలా అరగదీసిన పలుచని కత్తి గడ్డం మీద నడుస్తుంటే సన్నని ధ్వని వస్తుంది. నూరడం కూడా తేలిక. సోలింగెన్ పేరు ఎంత విలువైనదంటే, ఆ ఊళ్ళో చేయని సరుకు మీద ఆ పేరు వేయకూడదని 1938లో జర్మనీ చట్టమే చేసింది.

సేకర్తల మనసు ఎక్కువగా పాత షెఫీల్డ్ మీద ఉంటుంది. రోజూ గీసుకునేవాళ్ళు సోలింగెన్ వైపు, స్వీడన్‌లోని ఎస్కిల్స్‌టూనా వైపు మొగ్గుతారు. నా సొంత లెక్కలో ఉదయం పూట తొందరలో ఉన్నవాడికి సోలింగెన్, ఆదివారం తీరిగ్గా కూర్చునేవాడికి షెఫీల్డ్.

కత్తి మీద ‘ఇండియా స్టీల్’ అని ఉంది. ఇది మన దేశంలో చేసిందా?

కత్తి చేసింది ఇంగ్లాండ్‌లోనే. కానీ ఆ రెండు మాటల వెనక మన నేల కథ ఉంది. అందుకే ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం.

18వ శతాబ్దం చివర్లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు మన ఉక్కు ముద్దలను లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. అక్కడ దాన్ని ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అనే మాటే అలా మారిందని పండితుల్లో ఎక్కువమంది అంటారు. జార్జ్ పియర్సన్ 1795లో దాని మీద పరిశోధన వ్యాసం ప్రచురించాడు. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో చేసి చూసి, యూరప్‌లో దొరికే మేలైన ఉక్కు కన్నా తనకు ఇదే నచ్చిందని తన దుకాణం చీటీ మీద వేయించుకున్నాడు. తర్వాత ఆయనా, మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి ప్రయోగాలు చేశారు. 500 వంతుల ఉక్కుకు ఒక వంతు వెండి కలిపిన మిశ్రమం బాగుందని 1820ల మొదట్లో రాశారు. ‘సిల్వర్ స్టీల్’ అనే ముద్ర ఆ గొడవలోంచే ప్రచారంలోకి వచ్చింది.

ఇలాంటి ఉక్కు చేసిన ఊళ్ళలో పేరున్నది మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. 1820ల్లో హైదరాబాద్ రాజ్యంలో తిరిగిన హెన్రీ వాయ్సీ అనే సర్వే వైద్యుడు అక్కడి కొలిమిని కళ్ళారా చూసి రాశాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి ఆ ఊరికి వచ్చేవాళ్ళని కూడా రాశాడు.

అయితే ఒక జాగ్రత్త. ఆ పేరుకు గిరాకీ పెరిగాక, లోపల ఏ ఉక్కున్నా పైన ‘ఇండియా స్టీల్’, ‘సిల్వర్ స్టీల్’ అని కొట్టడం వ్యాపారమైపోయింది. ముద్ర చూసి లోపలి ఉక్కును నిర్ధారించలేం. సేకర్త ఆ ముద్రకు, దాని కాలానికి ధర ఇస్తాడు. గీసుకునేవాడికి దానివల్ల పదునులో తేడా ఏమీ తెలియదు.

నా కత్తి ఏ కాలం నాటిదో ఎలా తెలుసుకోవాలి?

దేశం పేరుతో మొదలుపెట్టండి. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకం చట్టం ప్రకారం, 1891 నుంచి ఆ దేశంలోకి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. కాబట్టి ‘ఇంగ్లాండ్’ అనో ‘జర్మనీ’ అనో ఉంటే కత్తి సాధారణంగా ఆ తర్వాతిది. లేకపోతే అంతకు ముందుది కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే ఇతర దేశాలకు పోయిన సరుకుకు ఆ నిబంధన లేదు.

షెఫీల్డ్ కత్తుల మీద కిరీటం పక్కన రెండక్షరాలు ఉంటే అవి రాజు పేరువి. జీఆర్ అంటే జార్జి రాజులు, డబ్ల్యూఆర్ అంటే 1830 నుంచి 1837 వరకు ఏలిన నాలుగో విలియం, వీఆర్ అంటే విక్టోరియా. ఏడేళ్ళే ఏలాడు కాబట్టి విలియం ముద్ర అరుదు, సేకర్తలకు దాని మీద మోజు.

ముద్ర చెరిగిపోయినా ఆకారం చెబుతుంది. వేలు ఆనించడానికి వెనక వంపు తిరిగిన తోక 18వ శతాబ్దపు కత్తులకు ఉండదు, లేదా చిన్న మొద్దులా ఉంటుంది. పొడవాటి తోక 19వ శతాబ్దంలో వచ్చింది. బాగా గుల్లగా అరగదీసిన పక్కలుంటే కత్తి ఆ శతాబ్దం చివరిదో, తర్వాతిదో.

జోసెఫ్ రాడ్జర్స్ అని ఉంది. లక్షలు వస్తాయా?

రావు. ఇది షెఫీల్డ్‌లో అతి పెద్ద కత్తుల సంస్థల్లో ఒకటి. బ్రిటిష్ కాలంలో మన దేశానికి దీని సరుకు విపరీతంగా వచ్చింది. మన పాత ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. దాని గుర్తు నక్షత్రం, మాల్టా శిలువ. చిరునామా 6, నార్ఫోక్ స్ట్రీట్. ఆ పేరుకున్న గిరాకీ వల్ల నకళ్ళు కూడా చాలా వచ్చాయి. పేరులో ఒక అక్షరం మార్చి, శిలువ బదులు మరేదో గుర్తు పెట్టి అమ్మేవాళ్ళు. అసలుదైతే రోజువారీ వాడకానికి నమ్మదగ్గ కత్తి. పెద్ద ధర రావాలంటే చాలా పాతదో, అరుదైన ఆకారమో, పెట్టెతో సహా మచ్చలేనిదో కావాలి.

సేకర్తలు ఎగబడేవి ఏవి?

వేడ్ అండ్ బుచర్ వాళ్ళ అంగుళం వెడల్పుండే భారీ కత్తులు ముందు చెప్పాలి. అమెరికా కోసం ఓడలకెత్తిన ఈ షెఫీల్డ్ సరుకులో పక్కల మీద డేగలు, ఓడలు, వాక్యాలు చెక్కినవి ఉంటాయి. జార్జ్ వొస్టెన్‌హోమ్ ఐఎక్స్ఎల్ ముద్రలో మంచి స్థితిలో ఉన్నవి, స్పెయిన్ వాళ్ళ ఫిలార్మోనికా, స్వీడన్ హెల్యెస్ట్రాండ్, జపాన్ ఇవాసాకీ కూడా ఇదే వరసలో వస్తాయి. ఫిలార్మోనికా విచిత్రమైన సంగతి. అది మంగళ్ళు వాడిపడేసిన పనిముట్టే, ఇప్పుడు వాడేవాళ్ళూ సేకరించేవాళ్ళూ ఇద్దరూ పోటీ పడటంతో ధర చుక్కలంటింది.

వారానికి ఏడు కత్తుల పెట్టె గురించి కూడా చెప్పాలి. ఒక్కో కత్తి వెన్ను మీద ఒక్కో వారం పేరు చెక్కి ఉంటుంది. వాడిన కత్తికి ఆరు రోజులు విశ్రాంతి ఇస్తే పదును మెరుగ్గా ఉంటుందని నమ్మేవాళ్ళు. ఏడూ అసలువే అయి, పెట్టె మూత తాళంతో సహా ఉంటే విలువ ఎక్కువ. ఒక్క గురువారం పోయినా ధర సగానికి సగం పడిపోతుంది. గీసుకునేవాడికి మాత్రం ఆ మిగిలిన ఆరూ ఆరు మంచి కత్తులే.

## చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు

గడ్డానికి పనికొస్తుందో లేదో కొనే ముందు ఎలా చూడాలి?

కత్తిని పూర్తిగా తెరిచి, పదును మీదికి వచ్చేలా పట్టుకుని దీపం కింద చూడండి. మంచి పదును వెలుతురును వెనక్కి కొట్టదు, నల్లని గీతలా కనబడుతుంది. మెరిసే చుక్క కనబడితే అక్కడ విరిగిందో మొద్దుబారిందో. చిన్న విరుపు రాయి మీద పోతుంది. ఒక మిల్లీమీటరు దాటితే ఆలోచించాలి.

తర్వాత పదునును కంటికి సమాంతరంగా పెట్టి పొడవునా చూడండి. కొద్దిగా బయటికి ఉబ్బి నవ్వులా వంగితే ఫరవాలేదు, కొన్ని కత్తులు పుట్టుకతోనే అలా ఉంటాయి. మధ్యలో లోపలికి తరిగిపోయి ఉంటే ఎవరో ఏళ్ళ తరబడి తప్పుగా నూరారని అర్థం.

తుప్పులో రెండు రకాలు. పైపైన ఎర్రగా ఉన్నది తుడిస్తే పోతుంది. నల్లని పిన్ను మొనల్లా లోపలికి దిగినవి ప్రమాదం. అవి వెన్ను దగ్గరుంటే అందం తగ్గుతుంది, అంతే. పదునుకు ఆనుకుని ఉంటే మాత్రం వదిలేయండి. నూరేకొద్దీ ఆ గుంటలు పదును మీదికి వచ్చి అక్కడక్కడ రాలిపోతాయి. భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్ళండి, పదింతలు పెద్దదిగా చూపించేది చాలు.

పదును దగ్గర సన్నని పగులు ఉంది. నూరితే పోతుందా?

పోదు, పెరుగుతుంది. గడ్డం మీద ఉండగా ముక్క ఊడితే చర్మం తెగుతుంది. గుల్లగా ఉన్న పలుచని కత్తి అయితే బొటనవేలి గోటి మీద పదునును చాలా తేలిగ్గా ఆనించి చూడండి. బాగున్నచోట ఉక్కు సమంగా వంగి గోటి మీద అల లేచినట్టు కనిపిస్తుంది, పగులున్నచోట ఆ అల తెగిపోతుంది. పగిలిన కత్తిని అరుదైన బొమ్మ కోసం సేకర్త తీసుకోవచ్చు. మీరు గీసుకోవడానికి మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.

వెన్ను పలకగా అరిగిపోయి ఉంది. అది దోషమా?

ఈ కత్తికి కోణం కొలిచే పరికరం అక్కర్లేదు. రాయి మీద పెట్టినప్పుడు వెన్ను, పదును రెండూ ఒకేసారి ఆనుతాయి. కాబట్టి వెన్ను మందమే పదును కోణాన్ని నిర్ణయిస్తుంది. మంచి కత్తిలో వెన్ను మందం వెడల్పులో దాదాపు నాలుగో వంతో, అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. అప్పుడు పదును 14 నుంచి 17 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. నూరిన ప్రతిసారీ వెన్ను కూడా కొద్దిగా అరుగుతుంది, అది సహజం. సన్నని పలక గీత ఉంటే భయపడకండి.

రెండు వైపులా అరుగుదల వేరువేరుగా ఉంటే, లేదా మొన దగ్గర వెడల్పుగా, మెడ దగ్గర సన్నగా ఉంటే అదే చిక్కు. అలాంటి కత్తి రాయి మీద ఊగుతుంది. సేకర్తలు మాత్రం వెన్ను మీద ఏ చిన్న అరుగుదల కనిపించినా మొహం తిప్పుకుంటారు, చెక్కిన వెన్ను అయితే మరీనూ.

5/8, 6/8 అంటే ఏమిటి? ఏది తీసుకోవాలి?

వెన్ను నుంచి పదును దాకా వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. రోజువారీ వాడకానికి ఈ రెండే. వెడల్పు పెరిగితే నురుగు ఎక్కువ పడుతుంది, బరువు పెరుగుతుంది, ముక్కు కింద తిప్పడం కష్టం. సేకర్తలకు 7/8, 8/8 అంటే ప్రాణం. 4/8 సన్నగా ఉండి మీసం సరిచేసుకోవడానికి బాగుంటుంది, కానీ చాలాసార్లు అది నూరి నూరి తరిగిపోయిన 5/8 అయి ఉంటుంది. వెన్ను మరీ మందంగా ఉంటే అనుమానించండి.

మొన గుండ్రంగా ఉండాలా, పలకగానా?

నేర్చుకునేవాళ్ళకు గుండ్రం. కొసదేలిన మొన చెవి కింద ఇట్టే గుచ్చుకుంటుంది.

## పిడి సంగతులు

పిడి దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా? ఎలా తెలుస్తుంది?

భూతద్దంతో చూడండి. ఏనుగు దంతానికి అడ్డంగా కోసిన వైపున ఒకదాన్నొకటి దాటుకుంటూ వల అల్లినట్టు గీతలుంటాయి. ఎముకలో చిన్న చిన్న నల్లని చుక్కలు, గీరలు కనిపిస్తాయి, అవి ఒకప్పుడు రక్తనాళాలు పోయిన దారులు. దంతంలా కనబడాలని చేసిన సెల్యులాయిడ్‌లో గీతలు మరీ పద్ధతిగా, పొడవునా సమాంతరంగా ఉంటాయి. వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే సన్నగా కర్పూరం వాసన వస్తుంది. కొమ్ము పిడిలో ఆకుపచ్చ, గోధుమ రంగు పొరలు దీపానికి అడ్డం పెడితే మెరుస్తాయి.

దంతమని తేలితే జాగ్రత్త. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం కొనడం, అమ్మడం నేరం. ఆఫ్రికా దంతమైనా అంతే. చిప్పతో పిడులు చేసే సముద్ర తాబేలు కూడా రక్షిత జీవే. బ్రిటన్‌లో 2018లో చేసిన దంత చట్టం 2022 నుంచి అమల్లో ఉంది, అమెరికా కూడా కట్టడి చేసింది. కాబట్టి విదేశాల నుంచి అలాంటి కత్తి తెప్పించుకోవాలని ఆశపడకండి. ఇంట్లో వారసత్వంగా వచ్చినదుంటే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, ఏం చేయాలో తెలుసుకోండి.

కత్తి అంతా బాగుంది, పిడి లోపలుండే చోట మాత్రం తుప్పు తినేసింది. ఎందుకు?

పిడి సెల్యులాయిడ్‌ది అయ్యుంటుంది. పాతబడ్డ సెల్యులాయిడ్ విరిగిపోతూ ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, ఆ ఆవిరి మూసిన కత్తిని లోపల్లోపలే తింటుంది. పిడి మీద చెమట పట్టినట్టు జిగట, పుల్లని ఘాటు వాసన, లోపల గాజు పగిలినట్టు గీతలు, ఇవి గుర్తులు. ఈ రోగం వచ్చిన పిడికి మందు లేదు. కత్తిని వెంటనే విడదీయండి, పక్కనున్న కత్తులకు కూడా అంటుకుంటుంది. ఆ పిడిని మంటకు దూరంగా పెట్టండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

విరిగిన పిడికి కొత్తది వేయిస్తే విలువ పోతుందా?

సేకర్త లెక్కలో పోతుంది, వాడేవాడి లెక్కలో పెరుగుతుంది. కొత్తది వేయించినా పాత ముక్కల్ని, మేకుల్ని, ఉంగరాల్ని చిన్న కవర్లో వేసి కత్తితో పాటే ఉంచండి. ముద్ర ఉన్న పాత పిడి ముక్క రేపు ఎవరికైనా ఆధారమవుతుంది.

## శుభ్రం, పదును

తళతళలాడేలా పాలిష్ చేయించమంటారా?

వద్దు. నా అనుభవం చెబుతాను. మొదట్లో నేను కొన్న షెఫీల్డ్ కత్తి పక్కన ఒక నౌక బొమ్మ ఉండేది. ముదురు బూడిద రంగు ఉక్కు మీద సన్నని తెల్ల గీతలతో తెరచాపలు, కింద అలలు. నలుపు పోతే ఇంకా బాగుంటుందని తిరిగే గుడ్డ చక్రానికి పట్టించాను. పది నిమిషాల్లో అద్దంలా మెరిసింది. నౌక మాత్రం లేదు. వెలుతురుకు ఓరగా పెడితే ఒక తెరచాప మూల ఇప్పటికీ కనబడుతుంది. ఆ కత్తి తీస్తే నా చూపు అక్కడికే పోతుంది.

యాసిడ్ బొమ్మ లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. దాని మీది బంగారు పూత ఇంకా పలుచన, గట్టిగా గుడ్డతో రుద్దినా పోతుంది. చక్రం వేడి వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. పలుచని పదును 200 డిగ్రీల దగ్గరికి వెళితే ఉక్కు గట్టిదనం పోతుంది. పదును పక్కన నీలమో, గడ్డి రంగో కనిపిస్తే అది కాలిపోయిన కత్తి. గీసుకునేవాడికీ అది పనికిరాదు. ఎర్ర తుప్పు తీయండి, కాలం వేసిన ముదురు రంగును ఉండనివ్వండి.

మరి తుప్పు ఎలా తీయాలి?

పలుచని నూనె రాసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున మెత్తని బట్టతో వెన్ను నుంచి పదును వైపు తుడవండి, ఎదురు తుడిస్తే చేయి తెగుతుంది. మొండి మచ్చలకు అతి సన్నని ఉక్కు పీచు, నూనెతో కలిపి, వేలి ఒత్తిడితో చాలు. బొమ్మ, బంగారు పూత ఉన్నచోట నూనె, బట్ట తప్ప ఇంకేదీ తాకనివ్వకండి.

వీధిలో కత్తులకు సాన పట్టే ఆయనతో నూరించవచ్చా?

వంటింటి కత్తికి ఆయన సాన బాగుంటుంది. దీనికి మాత్రం వద్దు. తిరిగే సానరాయి వెన్నును లెక్కచేయదు, వేడి పుట్టిస్తుంది. ఒక్క తిప్పుకే కత్తి పోతుంది.

దీన్ని బల్లపరుపు రాయి మీద, నీటితో, వెన్ను పదును రెండూ ఆనించి చేత్తోనే నూరాలి. రాళ్ళకు నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. వెయ్యి నంబరు రాయి మీద పదును కోణం కుదురుతుంది. తర్వాత 4 వేలు లేదా 5 వేలు, 8 వేలు, చివరికి 12 వేల నంబరు. బెల్జియంలో తవ్వే పసుపు కోటికూల్ రాళ్ళు, జర్మనీ తురింజియా రాళ్ళు కూడా మునుపటి నుంచీ పేరున్నవే. వెన్ను అరగకూడదనుకుంటే దాని మీద సన్నని ఎలక్ట్రికల్ టేపు ఒక వరస అంటించండి. బంగారు వెన్ను, చెక్కిన వెన్ను ఉంటే టేపు తప్పనిసరి. మొదటిసారి పదును అనుభవమున్నవాళ్ళతో పెట్టించుకుని, అది ఎలా ఉంటుందో చర్మానికి తెలిశాక, తర్వాత మీరు నేర్చుకోండి.

ఎవరో వాడిన కత్తి. రోగాలు అంటవా?

పిడి, మెడ కలిసే సందులో మురికి చేరుతుంది, ముందు అది పోవాలి. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అంతా తడిపి తుడవండి. నీళ్ళలో మరిగించకండి, కొమ్ము పిడి వంకర పోతుంది. ఆపై రాళ్ళ మీద కొత్త ఉక్కు బయటికి వస్తుంది. ఇంట్లో ఒకరి కత్తి ఒకరే వాడాలి. మన సెలూన్లలో మార్చే బ్లేడు ఉన్న కత్తులే వాడటానికి కారణం కూడా ఈ భయమే, అది మంచి అలవాటు.

## రోజూ వాడేటప్పుడు

తోలు పట్టీ మీద ఎందుకు రుద్దుతారు? అదే పదును పెడుతుందా?

పట్టీ పదును పెట్టదు, ఉన్న పదునును సరిచేస్తుంది. గీసుకున్నాక పదును చివర కంటికి కనబడనంతగా వంగుతుంది, తోలు దాన్ని నిలబెడుతుంది. గీసుకునే ముందు తోలు మీద 40, 50 సార్లు, వెన్ను ముందు నడిచేలా. తిప్పేటప్పుడు వెన్ను మీదనే దొర్లించాలి, ఎత్తకూడదు. పట్టీ కొత్తల్లో కోతలు పడటం మామూలే, కాబట్టి మొదటిది చవకది కొనండి.

మా విశాఖలో గాలికే ఇనుము తుప్పు పడుతుంది. కత్తి నిలుస్తుందా?

నిలుస్తుంది. గీసుకున్న వెంటనే పదును, మెడ, పిడి లోపల సందు అన్నీ తుడిచి ఆరబెట్టండి. బాత్‌రూమ్‌లో ఉంచకండి. వారం దాటి వాడకపోతే సన్నగా మినరల్ ఆయిల్ రాయండి. వంటనూనెలు జిగటపడతాయి, వద్దు. తోలు ఒరల్లో దాచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టె మేలు.

నా మొదటి కత్తి ఏది అయితే మంచిది?

5/8 లేదా 6/8 సోలింగెన్, గుండ్రని మొన, సగం నుంచి పూర్తి గుల్ల, నల్లని మామూలు పిడి. బొమ్మ ఉన్నది వద్దు, బంగారు పూత ఉన్నది వద్దు. చేయి కుదరక ముందు కుళాయికి తగిలి పదును విరగడం మామూలు. విరిగినా గుండె పగలని కత్తితో నేర్చుకోండి.

సేకరణ కత్తితో అప్పుడప్పుడు గీసుకుంటే విలువ తగ్గుతుందా?

ఇప్పటికే వాడిన కత్తి అయితే, జాగ్రత్తగా తుడిచి ఆరబెడితే తగ్గేది దాదాపు ఏమీ లేదు. ఒక్కసారి కూడా నూరని, ఫ్యాక్టరీ పదునుతో పెట్టెలో ఉన్న కత్తి వేరు. దాన్ని రాయి మీద పెట్టిన క్షణం అది ‘వాడనిది’ కాకుండా పోతుంది, ఆ మాటకే సేకర్త రెట్టింపు ఇస్తాడు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. దాన్ని తెరిచి చూసి మూసేస్తాను. గీసుకోవడానికి వేరే కత్తులున్నాయి.

## అమ్మేటప్పుడు, దాచేటప్పుడు

ధర ఎలా కట్టాలి?

అడిగిన ధరలు చూడకండి, అమ్ముడుపోయిన ధరలు చూడండి. ఆన్‌లైన్ వేలాల్లో ముగిసిన అమ్మకాలు వెతికితే దొరుకుతాయి. అదే ముద్ర, అదే వెడల్పు, అదే స్థితి ఉన్నవాటితో పోల్చండి. ఫోటోల్లో లోపాలు దాచకండి, పదును మీద ఒక దగ్గరి ఫోటో, వెన్ను మీద ఒకటి, ముద్ర మీద ఒకటి తప్పనిసరి. "గడ్డానికి సిద్ధం" అని రాసేముందు ఆ కత్తితో మీరే గీసుకుని ఉండాలి. లేకపోతే "నూరాలి" అని రాయండి.

విమానంలో తీసుకెళ్ళవచ్చా?

చేతి సంచిలో కుదరదు, లాక్కుంటారు. చెక్ఇన్ లగేజీలో మూసి, చుట్టూ గట్టి అట్ట కట్టి పెట్టండి.

తాతగారి కత్తి అమ్మనా, ఉంచుకోనా?

ధర తక్కువ పలికే కత్తి అయితే ఉంచుకోమనే అంటాను. పదును పెట్టించి గీసుకుంటే మరీ మంచిది, ఆయన చేసిందీ అదే. అమ్మినా ఉంచుకున్నా ఒక కాగితం మీద రాయండి: ఎవరిది, ఏ ఊళ్ళో ఉండేవారు, ఎవరి దగ్గర కొన్నారని ఇంట్లో చెప్పుకునేవారు, ఏ ఏడాది వరకు వాడారు. పెన్సిల్‌తో రాయండి, సిరా నూనెకు చెదిరిపోతుంది. మడిచి పెట్టె అడుగున, కత్తి కింద పెట్టండి.